మందుల షాపు క్యాలెండర్‌లో అక్టోబర్ పేజీ

నా ఎడమ కంటికి ఒక రాహుకాలం ఉంది. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు మొదలవుతుంది. ఏడాదిలో ఆరేడు వారాలు మాత్రమే, అదీ అక్టోబర్ నుంచి. రాహుకాలం అనేదే లేదని ఇరవై ఏళ్ళ వయసు నుంచీ వేదికలెక్కి గొంతు చించుకున్న మనిషిని నేను. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంత ఇబ్బందిగా ఉందో, ఆ రోజుల్లో నా పక్కన కూర్చుని వాదించినవాళ్ళకు తెలుస్తుంది.

దీని పేరు క్లస్టర్ తలనొప్పి. పేరులో తలనొప్పి అన్న మాట ఉండడం వల్ల వినేవాళ్ళు ఒక మాత్ర వేసుకుని పడుకోమంటారు. పడుకోవడమే కుదరని నొప్పి ఇది. తలకు ఒక పక్కనే వస్తుంది. ఆ పక్క కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, ముక్కు మూసుకుపోతుంది. నొప్పి ఎలా ఉంటుందని అడిగితే నాకు పోలికలు తట్టవు. ఆ ముప్పావు గంటలో నేనేం చేస్తానో మాత్రం చెప్పగలను. గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తాను. కుర్చీ వీపు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగుతాను. ఒకసారి స్నానాల గదిలో గోడ పలకలకు నుదురు కొట్టుకున్నాను, ఆ నొప్పి కనీసం నేను పెట్టుకున్నది కదా అని. తర్వాత ఎవరో స్విచ్ ఆపేసినట్టు తగ్గిపోతుంది. తగ్గిన క్షణం నుంచే మర్నాటి నాలుగింటి గురించి భయం మొదలవుతుంది. నొప్పి ముప్పావు గంట, మిగతా రోజంతా భయం. నిద్రపోయిన గంటన్నరకు ఇంకొకటి వచ్చి లేపే రోజులూ ఉంటాయి.

మొదటి ఏడాది పన్ను నొప్పి అనుకున్నాం. ఎడమ పక్క పై దవడలో నిక్షేపంలాంటి పన్ను పీకించుకున్నాను. రెండో ఏడాది కళ్ళజోడు మార్పించారు. మూడో ఏడాది సైనస్ అన్నారు. ప్రతిసారీ డిసెంబర్ వచ్చేసరికి దానంతట అదే పోయేది, అప్పుడు వాడుతున్న మందుకు పేరొచ్చేది. బాబాల విభూతికి పేరు వచ్చేదీ ఇలాగే. ఈ సంగతి ఊళ్ళో జనానికి బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. నా పన్ను విషయంలో నాకే తట్టలేదు.

నాలుగో ఏడాది నరాల డాక్టర్ దగ్గర టెర్మిన్ దొరికింది, మేముండే జర్మనీలో అపాయింట్‌మెంట్‌ను అలా అంటారు. మెల్లగా మాట్లాడే పెద్దావిడ. రెండు నిమిషాలు విని పేరు చెప్పేసింది. మెదడు లోపల, శరీరానికి వేళలు చూసి పెట్టే ఒక చిన్న భాగం ఉంటుందనీ, ఈ జబ్బుకు దానితో సంబంధం ఉందనీ, పగటి వెలుతురు తగ్గే రోజుల్లోనో పెరిగే రోజుల్లోనో కొందరికి ఏటా తిరిగి వస్తుందనీ వివరించింది. మీకు ఎప్పుడు వస్తుంది అని అడిగింది.

"అప్పుడప్పుడు," అన్నాను.

పక్కన కూర్చున్న నా భార్య, "అక్టోబర్ రెండో వారం," అంది.

నేను ఊరుకోలేదు. మూడు నాలుగు సార్లు జరిగినదాన్ని పట్టుకుని క్రమం అనకూడదని, యాదృచ్ఛికం కావచ్చని, జర్మన్‌లో నాకు చేతనైనంత గంభీరంగా చెప్పాను. డాక్టర్ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. ఆమె చెప్పిందే రాసుకుంది. ఆక్సిజన్ సిలిండర్‌కు చీటీ ఇచ్చింది. నొప్పి మొదలవగానే మాస్కు పెట్టుకుని పావుగంట పీలిస్తే తగ్గిపోతుంది, తగ్గింది కూడా. ఇంకో మాట చెప్పింది. ఏటా సెప్టెంబర్‌లో వచ్చి కలవాలి, నెల తెలుసు కాబట్టి నొప్పికి రెండు వారాల ముందే మాత్రలు మొదలుపెడతాను, అని.

నేను ఎందుకు ఒప్పుకోలేకపోయానో చెప్పాలి. కాలేజీ రోజుల్లో మా హేతువాద బృందం గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించేవాళ్ళం. చర్చలు పెట్టేవాళ్ళం. నా వంతుకు ఎప్పుడూ ముహూర్తాలు, మంచిరోజులు, చెడ్డరోజులు వచ్చేవి. ఎదురుగా కూర్చున్న జ్యోతిష్కుడికి తెల్లకాగితం ఇచ్చి, ఏం జరగబోతోందో తేదీ వేసి ముందే రాయమనేవాణ్ణి. రాసేవాడు కాదు. అప్పుడు జనం వైపు తిరిగి, తగిలిన మాట గుర్తుంటుంది, తప్పిన మాట మరిచిపోతాం, అందుకే ఒక పుస్తకం పెట్టుకోండి, వచ్చిన రోజూ రాయండి, రాని రోజూ రాయండి, అని చెప్పేవాణ్ణి. చప్పట్లు పడేవి. తేదీకి శక్తి లేదు అన్నది నా వాక్యం. ఆ వాక్యం మీద నేను మనిషినయ్యాను. ఇప్పుడు నా కన్నే తేదీ చూసుకుని నొప్పి పెడుతుంటే, అది జబ్బులా కాక నా పాత ప్రత్యర్థి చేసిన ఎత్తిపొడుపులా తోచింది.

ఆ నాలుగో ఏడాది నొప్పులు పోయాక, మార్చిలో, సిలిండర్ ఇచ్చినవాళ్ళు ఫోన్ చేశారు. నవంబర్ చివరి నుంచి వాడినట్టు లేదు, ఉంచమంటారా, తీసుకెళ్ళమంటారా అని అడిగారు. నా భార్య ఆ రోజు ఇంట్లో లేదు, ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళింది. పడకగది మూలలో నిలబడి ఉన్న ఆ సిలిండర్ వైపు చూశాను. రాబోయేదేదో ఉందని ఒక వస్తువును ఇంట్లో నిలబెట్టుకోవడానికీ, దిష్టి తగలకుండా గుమ్మానికి గుమ్మడికాయ కట్టుకోవడానికీ తేడా ఏముంది అనుకున్నాను. తీసుకెళ్ళండి అన్నాను. ఆ రోజంతా నాకు చాలా తేలికగా ఉంది.

ఆ ఉద్యోగమే అసలు విషయం. నా భార్యది కరీంనగర్ వైపు. కాట్‌బస్‌లో మాస్టర్స్ చేసింది. అమ్మాయి పుట్టాక మూడేళ్ళు ఇంట్లో ఉండిపోయింది, తర్వాత రెండేళ్ళు అప్లికేషన్లు పెట్టింది. జూన్‌లో కొలోన్ నుంచి ఆఫర్ వచ్చింది. ఇంటి నుంచే పని చేయవచ్చు, కాని మొదటి నాలుగు వారాలు అక్కడి ఆఫీసులో ఉండాలి. ఆ నాలుగు వారాలు అక్టోబర్ రెండో సోమవారం మొదలవుతాయి. శుక్రవారం రైల్లో వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోవచ్చు. వారం మధ్యలో ఐదేళ్ళ అమ్మాయిని నేనొక్కణ్ణే చూసుకోవాలి. కిటా నుంచి, అంటే పిల్లల్ని పగలంతా చూసుకునే బడి నుంచి, సాయంత్రం నాలుగింటికి తెచ్చుకోవాలి.

ఆమె కాంట్రాక్ట్ కాగితాన్ని వంటింటి బల్ల మీద పెట్టింది. దాని పక్కన నాలుగు క్యాలెండర్లు పెట్టింది. ఇక్కడ ఏడాది చివర మందుల షాపువాళ్ళు ఊరికే ఇచ్చే గోడ క్యాలెండర్లు అవి, నెలకో పువ్వో పక్షో బొమ్మ ఉంటుంది. పారేసి ఉంటుందనుకున్నాను. నాలుగింట్లోనూ అక్టోబర్ పేజీ తెరిచింది. గళ్ళలో పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తులు. నొప్పి లేని రోజున చుక్క. గుర్తు పక్కన టైము. నాలుగేళ్ళూ మొదటి ఇంటూ గుర్తు రెండో వారంలోనే ఉంది.

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. "మీ అమ్మగారు పంచాంగం చదువుతారు, నువ్వు ఏకంగా రాసేస్తున్నావా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "మా అమ్మది పంచాంగం. నాది గుర్తు పెట్టుకున్నది. రెండిట్నీ ఒక్క గాటన కట్టకు," అంది. "నువ్వు ఊర్లల్ల ఏం జెప్పేటోనివి? వచ్చినరోజూ రాయాలె, రానిరోజూ రాయాలె అని. నేను రాసిన. నువ్వు రాసినవా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం వాదించేవాళ్ళకు ఉండే దురలవాటు. నాలుగు సార్లు సరిపోదన్నాను. ఉద్యోగం వదులుకోవడానికి ఇదొక సాకు అవుతుందన్నాను. అది దసరా పండగా ఏటా రావడానికి, అన్నాను.

"నేను ఒదులుకుంటనని చెప్పలే. నువ్వు తయారుగుంటవా అని అడుగుతున్న."

"ఉంటాను," అన్నాను. ఆమె సంతకం పెట్టింది. సిలిండర్ వెనక్కి వెళ్ళిన సంగతి అప్పటికే ఆమెకు తెలుసు. మళ్ళీ తెప్పించమని రెండు సార్లు అంది. సెప్టెంబర్‌లో డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు చూద్దాం అన్నాను. సెప్టెంబర్‌లో టెర్మిన్ తీసుకోలేదు. మరిచిపోలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఇప్పుడు ఫోన్ చేస్తే నొప్పి వస్తుందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది అనిపించేది. మూఢనమ్మకం అంటే ఏమిటని ఎవరైనా నన్ను ఇప్పుడు అడిగితే ఆ సెప్టెంబర్‌ను చూపిస్తాను.

సెప్టెంబర్ చివర అత్తమ్మ వీడియో కాల్‌లో కనిపించింది. కూతురు కొలోన్ వెళ్తోందని ఆమెకు బెంగ. నాతో ఎప్పుడూ మన్నించే మాట్లాడుతుంది.

"తప్పుగ అనుకోకుండ్రి బాబూ. బతుకమ్మ పండుగ వచ్చిందంటే మీకు తల లేస్తది. నేను ఇన్నేండ్ల సంది చూస్తున్న. ఒక్కసారి గ్రహాలకు పూజ చేయిస్త."

ఇక్కడ నాకు మంచి పట్టు దొరికింది. ఆ ఏడాది అధికమాసం వచ్చింది. పండగలన్నీ వెనక్కి జరిగాయి. బతుకమ్మ కిందటేడు కంటే దాదాపు మూడు వారాలు ఆలస్యం. నొప్పి చంద్రుణ్ణి బట్టి వచ్చేదైతే అదీ ఆలస్యం కావాలి. "ఈసారి మీ పండగ మూడు వారాలు వెనక్కి పోయింది అత్తమ్మా. మరి నా నొప్పి కూడా పోతుందా?" అన్నాను.

"పోతే మంచిదే గద బాబూ. నేనేమన్న రమ్మన్ననా," అంది ఆమె.

నా భార్య అటు తిరిగి నవ్వుకుంది. నేను గెలిచాననే అనుకున్నాను. గెలిచిన వాదనలో రెండో సగం నాకు కనపడలేదు. చంద్రుణ్ణి బట్టి రాకపోతే సూర్యుణ్ణి బట్టి వస్తుంది, అంటే వచ్చే పక్షం రోజుల్లోనే వస్తుంది. ఆ లెక్క వేసుకునే ధైర్యం నాకు లేకపోయింది.

ఆదివారం ఆమెను రైలెక్కించాం. సోమవారం ఏమీ లేదు. మంగళవారమూ లేదు. ఫోన్‌లో కొంచెం గొప్పగానే చెప్పాను. బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో ఎడమ రెప్ప బరువుగా అనిపించింది. కంటి పైన, ఎముక లోపల, ఎవరో వేలు ఆనించి ఉంచినట్టు. రోగులు దీన్ని నీడ అంటారు, అసలుది వచ్చే ముందు పడే నీడ. స్క్రీన్ ఎక్కువ చూశానని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రం నా భార్య ఎలా ఉన్నావని అడిగింది. బాగానే ఉన్నాను అన్నాను. అది అబద్ధమని నాకు తెలుసు. ఆ మాట అంటుంటే నా చెయ్యి కనుబొమ్మ మీద ఉంది.

గురువారం నాలుగింటికి కిటాకు వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే పిల్లలు కోట్లు తగిలించుకునే నడవా ఉంటుంది. ఒక్కో పిల్లకు ఒక్కో కొక్కెం, దాని మీద పేరు బదులు ఒక బొమ్మ. మా అమ్మాయిది నత్త. మోకాలెత్తు కూడా లేని బల్ల మీద ఆమెను కూర్చోబెట్టి, ఒక బూటు తొడిగి, కోటు జిప్పు పైకి లాగుతున్నాను. జిప్పు సగంలో ఉండగా వచ్చింది.

లేచి నిలబడ్డాను. నిలబడలేకపోయాను. నడవడం మొదలుపెట్టాను, కొక్కేల వరస చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాను. ఎడమ కంట్లోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చాయి. వేరే పిల్లల తల్లిదండ్రులు గోడకు జరిగి దారి ఇచ్చారు. చెయ్యి తగిలి ఎవరివో టోపీలు కింద పడ్డాయి. అక్కడి టీచరు, నాకంటే ఓ పదేళ్ళు పెద్దావిడ, నా దగ్గరికి వచ్చింది. అరవలేదు. మీరు తాగి ఉన్నారా అని జర్మన్‌లో నెమ్మదిగా అడిగింది. లేదన్నాననుకున్నాను. తెలుగులో అన్నానట. ఈ స్థితిలో అమ్మాయిని మీతో పంపలేను అంది.

ఆమె తప్పేమీ లేదు. ఒక కన్ను ఎర్రగా, రెప్ప వాలిపోయి, నిలకడ లేకుండా ఊగుతున్న మగవాడి చేతికి నేనైనా పిల్లను ఇవ్వను. కాని ఆ క్షణంలో నాకు అర్థమైంది ఒక్కటే. ఈమె కొలోన్‌కు ఫోన్ చేస్తుంది. నాలుగో రోజునే. కొత్త ఉద్యోగంలో నాలుగో రోజున నా భార్య బ్యాగు సర్దుకుని వచ్చేస్తుంది, ఇక మళ్ళీ వెళ్ళదు. రెండేళ్ళ అప్లికేషన్లు ఈ నడవాలో అయిపోతాయి. వద్దు అని చెప్పడానికి నోరు తెరిస్తే మాట బదులు ఇంకేదో శబ్దం వచ్చింది.

అప్పుడు మా అమ్మాయి, ఒక కాలికే బూటుతో బల్ల మీద కూర్చున్న పిల్ల, జర్మన్‌లో టీచరుకు చెప్పింది. నాన్న తాగలేదు. ఇది ఒక్టోబర్‌వే. వే అంటే నొప్పి. అక్టోబర్ నొప్పి అని ఆ పిల్లే పెట్టుకున్న పేరు. ఏటా వస్తుంది, తర్వాత పోతుంది, అమ్మ మీకు కాగితం ఇచ్చింది కదా, అంది. బొమ్మల్లో తన నత్త ఏదో చూపించినంత మామూలుగా చెప్పింది.

టీచరు లోపలికి వెళ్ళి అమ్మాయి ఫైలు తెచ్చింది. నిలబడే ఒక కాగితం చదివింది. తర్వాత నన్ను పిల్లలు గెంతులేసే గదిలోకి పంపి తలుపు సగం వేసింది. పరుపుల మధ్య, నీలం రంగు బంతుల మధ్య, నలభై నిమిషాలు నడిచాను. ఎవరూ నన్ను ఆపలేదు, పట్టుకోలేదు, కూర్చోమనలేదు. మా అమ్మాయి తలుపు సందులోంచి మూడు నాలుగు సార్లు, పోయిందా, అని అడిగింది.

పోయాక టీచరు గ్లాసుతో నీళ్ళు, ఆ కాగితం నా చేతికి ఇచ్చింది. ఒకటే పేజీ. నా భార్య జర్మన్ నా జర్మన్ కంటే బాగుంటుంది. నా భర్తకు అక్టోబర్‌లో ఒక రకం తలనొప్పి వస్తుంది, ఈ సాయంత్రం వేళే రావచ్చు, అని మొదలవుతుంది. ఒక కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది. తాగి ఉన్నట్టు కనిపిస్తాడు, తాగి ఉండడు. దయచేసి పట్టుకోకండి, నడవనివ్వండి. అప్పటిదాకా మా అమ్మాయిని మీ దగ్గర ఉంచుకోండి. ముప్పావు గంటలో తగ్గుతుంది. గంట దాటితే నాకు ఫోన్ చేయండి. గంటలోపు తగ్గితే చేయవద్దు, ఆయనే చేస్తాడు.

కింద జూన్ తేదీ ఉంది. నేను క్యాలెండర్లు చూసి నవ్విన మర్నాడు.

ఇరవై ఏళ్ళ వయసు నుంచీ జ్యోతిష్కుల ముందు తెల్లకాగితం పెట్టాను. ముందే రాయండి, తేదీ వేసి రాయండి, జరిగితే ఒప్పుకుంటాను, అన్నాను. ఎవరూ రాయని ఆ కాగితం మా ఇంట్లోనే ఒకరు రాసి, నత్త బొమ్మ ఉన్న ఫైల్లో పెట్టారు. నెల రాసింది, వేళ రాసింది, కన్ను ఎలా ఉంటుందో రాసింది, ఎంతసేపు ఉంటుందో రాసింది. ఒక్కటీ తప్పలేదు. చివరి మాట ఒక్కటే ఇంకా తేలలేదు. ఆయనే చేస్తాడు, అన్నది.

చేయకుండా ఉండాలనే అనిపించింది. దాచేసి, రేపు ఎలాగో సర్దుకుని, రాత్రి ఆమె వచ్చాక నెమ్మదిగా చెప్పవచ్చు. అమ్మాయి నా పక్కన కూర్చుని ఆపిల్ ముక్క తింటోంది. ఆ పిల్ల ముందు ఎంతసేపని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటాను. చేశాను.

"వచ్చింది," అన్నాను.

అటు నుంచి ఆఫీసు చప్పుడు వినిపిస్తోంది. "ఎన్నింటికి?" అంది.

"నాలుగు పదికి. నలభై నిమిషాలు. కిటాలో."

"బిడ్డ?"

"ఆపిల్ తింటోంది. అంతా తనే చెప్పింది టీచరుకి." ఆగి, "నిన్నే నీడ పడింది. నీకు బాగానే ఉన్నానని చెప్పాను," అన్నాను.

"ఎరుకే. నీ గొంతు ఎరుకైతది." అంది. "వాపస్ రావాల్నా?"

వద్దు అని గట్టిగా అనడం నాకు చాలా సులువు. జూన్‌లో అన్న మాట కూడా ఆ గొంతుతోనే అన్నాను. "తెలీదు," అన్నాను. "నిజంగా తెలీదు. రేపు పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. సిలిండర్ అడుగుతాను. అమ్మాయిని మూడింటికే తెచ్చుకుంటాను. అయినా కుదరకపోతే నీకు చెప్తాను. దాచను."

"దాయనంటే నమ్ముత," అంది. "రాదంటే మాత్రం నమ్మ. పో, ఇంటికి పోయి రాయి."

ఇంటికి వెళ్ళి రాశాను. గోడ మీది క్యాలెండర్‌లో ఆ నెల బొమ్మ ఎర్రటి అడవి గులాబీ కాయల కొమ్మ. గురువారం గడిలో ఇంటూ గుర్తు పెట్టాను, పక్కన 4.10 అని. సోమ, మంగళవారాల గళ్ళలో నా భార్య లేదు కాబట్టి చుక్కలు నేనే పెట్టాను. బుధవారం దగ్గర చుక్క పెట్టబోయి ఆగి, సగం గీత గీశాను.

డాక్టర్ మర్నాడే పిలిచింది. సెప్టెంబర్‌లో ఎందుకు రాలేదని అడగలేదు. గుండె పరీక్ష చేసి మాత్రలు మొదలుపెట్టింది, కాని అవి పట్టడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా ఇంజెక్షన్లు. సిలిండర్‌కు ఇన్సూరెన్స్ ఆమోదం రావాలి, పది రోజులైంది. ఆ పది రోజులు నేను గడియారంతోనే బతికాను. మూడింటికి అమ్మాయిని తెచ్చుకోవడం, పాలు కాచి ఇవ్వడం, రంగు పెన్సిళ్ళు ముందు పెట్టడం, పడకగది తలుపు జానెడు తెరిచి ఉంచి లోపల ఎదురుచూడడం. నాలుగు దాటి ఐదు నిమిషాలప్పుడు నా చేతులు చల్లబడేవి. నొప్పి లేని ఒకటి రెండు రోజులు కూడా ఆ పది నిమిషాలు నొప్పిలాగే గడిచాయి. బయట నుంచి, పోయిందా, అని వినపడేది. ఇంకా రాలేదు అని చెప్పలేక, ఇంకా లేదు అనేవాణ్ణి.

ఆ మధ్యే ఒక సాయంత్రం అత్తమ్మ ఫోన్ చేసింది. వాళ్ళ వాడలో బతుకమ్మ అప్పుడే మొదలైంది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. చెప్పాను. లెక్క వేసుకున్నట్టుంది.

"అయితే పండుగ కన్న ముందుగాల్నే వచ్చింది," అంది. "పండుగకు సంబంధం లేనట్టే బాబూ. ఎండ తగ్గితే వస్తదేమో, చూడుండ్రి."

ఒక్క సంవత్సరం లెక్క సరిపోకపోయేసరికి ఆమె తన మాట తాను కొట్టేసింది. నా చర్చల్లో నాకు ఎదురుపడిన ఏ ప్రత్యర్థీ అలా చేయలేదు. నేనూ చేయలేదు, ఐదేళ్ళు. పూజ సంగతి ఆమె వదల్లేదనుకోండి. నేను ఆ రోజు వాదించలేదు.

అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారమే నాకు దిగులు పట్టుకుంది. సోమవారం నుంచి నొప్పి ఏ టైముకు వస్తుంది? గోడ గడియారం ప్రకారం నాలుగు పదికా, పాత నాలుగు పదికా? పాతదైతే కొత్త టైములో మూడు పది. అంటే కిటా నుంచి ఇంటికి వచ్చే దారిలో, రోడ్డు మీద, అమ్మాయి చెయ్యి పట్టుకుని ఉండగా. నా భార్యను అడిగాను. "రేపు చూద్దాం. నేనుంట గదా," అంది. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. కొత్త సిలిండర్ బల్ల పక్కన ఉంది. మూడు దాటి పది నిమిషాలకు రెప్ప వాలింది. శరీరం ప్రభుత్వ గడియారం చూడలేదు, సూర్యుణ్ణి చూసింది. మాస్కు పెట్టుకుంటూ నేను నవ్వానని నా భార్య అంటుంది. నాకు గుర్తు లేదు. పావుగంటకు తగ్గింది. ఆమె గడిలో టైము రాసి ఐదింటి రైలెక్కింది. సోమవారం నుంచి అమ్మాయిని రెండింటికే తెచ్చుకున్నాను. ఆమె నాలుగో వారమూ పూర్తి చేసింది.

ఇదంతా కిందటేడు. ఇప్పుడు సెప్టెంబర్ మూడో వారం. డాక్టర్‌ను కలిశాను. మాత్రలు సోమవారం నుంచి. సిలిండర్ పడకగది మూలలో ఉంది. మాత్రలు పనిచేస్తాయని ఎవరూ మాట ఇవ్వలేదు. అక్టోబర్ రెండో వారంలో నా భార్య నాలుగు రోజులు కొలోన్ వెళ్ళాలి. టికెట్ తీసుకునే ముందు ఈసారి కూడా అడిగింది. రావచ్చు అన్నాను. ఆమె తల ఊపి టికెట్ తీసుకుంది. కిటాకు కొత్త కాగితం నేను రాశాను, నా జర్మన్‌లో తప్పులు ఆమె దిద్దింది. చివరి వాక్యం మార్చలేదు.

ఇది రాయడానికి కూర్చున్నప్పుడు మూడున్నర. ఇప్పుడు నాలుగు దాటింది. బయట ఎండ బాగానే ఉంది, అయినా కిందటి వారం ఈ వేళకు పుస్తకాల అర దాకా వచ్చిన వెలుతురు ఇవాళ కుర్చీ దగ్గరే ఆగింది. ఎడమ కంటి పైన ఏదో ఉన్నట్టు ఉంది. ఏమీ లేకపోవచ్చు. నాలుగు పది. చేతులు చల్లగా ఉన్నాయి. నాలుగు పదిహేను. నాలుగు ఇరవై. లేచి వంటింట్లోకి వెళ్ళి క్యాలెండర్‌లో ఇవాళ్టి గడిలో చుక్క పెట్టి వచ్చాను.